ఇరుసు రాయి

మా నాన్న జక్కూరు రోజూ పొద్దుగూకే ముందు
చిప్పెడు ఒలీవ నూనె పట్టుకెళ్లి
నల్లరాతి గుంటలో పోసేవాడు.
తాతల నాడు లెబానోను నుంచి తెచ్చిన దేవదారు తలుపు
ఆ గుంటలోనే తిరిగేది,
ముసలి ఒంటె లేచినట్టు మూలుగుతూ.
"ఊరికి నోరు ఇదేనమ్మా," అనేవాడు,
"నోరు కంపు కొడితే
పేగుల సంగతి వేరే చెప్పక్కర్లేదు."

గవినిలో రెండు పక్కలా రాతి అరుగులు.
పెద్దలు కూర్చునేది అక్కడే.
అంజూరపు బిళ్లలు అమ్మేవాళ్లు, గాడిదలు, అప్పులవాళ్లు,
కొత్త కోడళ్లు, ఎదోము ఉప్పు బేరగాళ్లు,
అందరూ వాళ్ల మోకాళ్లు రాసుకుంటూ పోవలసిందే.
మందిరం యెరూషలేములో, రెండు రోజుల నడక.
మాకు దేవుడు ఎదురుపడితే ఇక్కడే పడాలి,
పేడా చెమటా తగాదాల మధ్య.

మా భాషలో గవినికీ కొలతకూ అక్షరాలు ఒకటే.
చిన్నప్పుడు అది ఎవరి పొరపాటో అనుకున్నాను.

హోగ్లా సంగతి చెప్పాలి.
మగడు పోయాడు. మరిది పొలం గట్టురాయిని
రాత్రికి రాత్రి తొమ్మిది అడుగులు జరిపాడు.
ఆమె తెల్లారగానే వచ్చి అరుగు ముందు నిలబడేది.
పెద్దాయన హషూము గడ్డం నిమురుకుని
"రేపు" అనేవాడు.
అమావాస్య వెళ్లింది, రేపు.
యవల కోత అయింది, రేపు.
ఆయన సంచిలో తూకపు రాళ్లు రెండు రకాలని
ఊరందరికీ తెలుసు,
ఒక్కరి నోట్లోనూ నాలుక లేదు.

ఒక సాయంత్రం నాన్న నూనె పోశాడు,
తలుపు మీద చెయ్యి వేశాడు, తీసేశాడు.
అడ్డగడియ ఒళ్లో పెట్టుకుని
గడప మీద కూలబడ్డాడు.
"చీకటి పడింది, వెయ్యరా!" అని అరిచారు.
"ఇంకా పొద్దుపోలేదు" అన్నాడు.
పడమట వెలుగు గీటైనా లేదు.
"ఆమె తగువు తీరందే ఈ పొద్దు పోదు.
దొంగలకు జడిసే గదా తలుపు వేస్తాం,
దొంగ ఏ వైపున్నాడో తేల్చి చెప్పండి,
అటు చూసి గడియ పెడతాను."

లోయలో నక్కలు కూశాయి.
తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు.
ఎవరో రాయి విసిరారు,
నాన్న చెవి దగ్గర చీరుకుంది.
నాకప్పుడు ఏడేళ్లు. ఆయన మీద కోపం వచ్చింది.
నిజం చెప్పాలంటే, ఆకలేసి.

చివరికి దివిటీలు తెచ్చారు.
హషూము రాత్రిపూట అరుగెక్కాడు,
ఊరు పుట్టాక మొదటిసారి.
సాక్షులు వచ్చారు, నోళ్లు వచ్చాయి.
ఆ చీకట్లోనే నలుగురు కుర్రాళ్లు
గట్టురాయిని దాని చోటికి మోసుకెళ్లారు.
అప్పుడు మూలిగింది తలుపు.

తర్వాత ఎనిమిదేళ్లకు ఉత్తరం నుంచి వాళ్లొచ్చారు.
మట్టికట్ట పోశారు,
మొనకు ఇనుప తొడుగేసిన దూలాలతో గుద్దారు,
నిప్పు పెట్టారు.
దేవదారు కాలితే ధూపం వాసన వస్తుందని
ఆ రోజే తెలిసింది.
నాన్నను కాలవల దేశంలో పూడ్చాం,
గవినీ అరుగూ లేని ఒక మట్టిదిబ్బల పేటలో.

ఇప్పుడు అరవై దాటాక తిరిగొచ్చాను.
గోడ ఏదీ?
గొర్రెలు ఎటు పడితే అటు ఊళ్లోకి నడుస్తున్నాయి.
నేను మాత్రం చుట్టూ తిరిగి
గడప ఉన్న చోటుకే పోయాను,
అక్కడి నుంచే లోపలికి అడుగు పెట్టాను.
ఎందుకంటే ఏం చెప్పను, కాళ్లకు తెలుసు.

నల్లరాయి అక్కడే ఉంది. గుంటలో వాననీళ్లు,
పిచ్చుక ఒకటి తాగుతోంది.
అది ఎగిరిందాకా ఆగి,
ముసుగు అంచుతో తుడిచి,
చిప్పలో నూనె పోశాను.
మేకల కుర్రాడొకడు పకపకా నవ్వాడు:
"అవ్వా, తలుపేది?"

అరుగు మీద దుమ్ము దులిపాను.
"కూర్చో," అన్నాను,
"నీ మేక దారిలో ఎవరి చేను మేసిందో
ముందు అది చెప్పు."